పెద్ద గొంతు మిస్త్రి

ఆయనకు మెల్లగా మాట్లాడడం రాదు. చెవిలో చెప్పాల్సిన మాటైనా బజారంతా వినాల్సిందే. సిరిసిల్లలో సాంచెల మధ్య పెరిగినవాళ్ళకు అది మామూలే. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. రేకుల షెడ్డులో పది సాంచెలు ఒక్కసారి కొట్టుకుంటుంటే పక్కనున్నవాడిని మంచినీళ్ళు అడగాలన్నా అరవాలి. ఆ షెడ్డుల్లో వయసు వచ్చేదాకా పనిచేసి, నేత మీద విసుగొచ్చి, కోరుట్లలో ఇంజన్ల రిపేరు దుకాణం పెట్టుకున్నాడు. పని మారింది గానీ గొంతు మారలేదు.

పోయిన నెల ఆయన కూతురు ఫోన్ చేసి, "నాయిన పోయిండు సార్" అంది. ఎవరి నాయిన అని అడిగాను. సిగ్గుపడాల్సిన ప్రశ్న. ముప్పై ఏళ్ళకు పైగా నేను ఆ మనిషి గడప తొక్కలేదు మరి. జగిత్యాలలో ఇల్లు కట్టుకుని, పెన్షన్ తీసుకుంటూ, పొద్దున పూట వాకింగ్ చేస్తూ పెద్దమనిషిలా బతుకుతున్నాను. ఆయన చివరిదాకా ఉన్న తంగళ్ళపల్లి నాకు ఎంతో దూరం కాదు. వెళ్ళలేదు, అంతే. ఎందుకు వెళ్ళలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అన్నలు, అంటే నక్సలైట్లు, ఊళ్ళల్లో తిరుగుతున్న కాలం. నేను కోరుట్ల హైస్కూల్లో సైన్సు టీచర్ని. నా గది ఆయన దుకాణానికి ఎదురుగానే. బడి వదిలాక ఆయన ముందున్న డబ్బా మీద కూర్చునేవాణ్ణి. మిగతావాళ్ళంతా ఆయనను ఒకటే అడిగేవారు, ఎంతసేపు పడుతుందని. నేను ఎందుకు చెడిందని అడిగేవాణ్ణి. ఆ ప్రశ్న అడిగేవాడు దొరికినందుకు ఆయన మొహం వెలిగిపోయేది. నాకంటే పదేళ్ళు పెద్దవాడు. అయినా పంతులు తన దగ్గర పాఠం వింటున్నాడని బజారుకంతా చెప్పుకునేవాడు. చెప్పుకోవడమంటే ఆయన విషయంలో తెలిసిందే కదా, చాటింపే.

ఇంజన్ ముందు కూర్చోగానే మొదట చుట్టూ ఉన్నవాళ్ళను నోరు మూయించేవాడు. తాడు ఒక్కసారి లాగి, కళ్ళు మూసుకుని, అది చేసే శబ్దం వినేవాడు. తర్వాత ప్లగ్గు ఊడదీసి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. తడిగా ఉందా, పొడిగా ఉందా? పొడిగా ఉంటే నూనె రావడం లేదు, ట్యాంకు వైపు వెతకాలి. తడిగా ఉంటే ఎక్కువైంది, ఆరబెట్టాలి. అప్పటికీ జబ్బు దొరక్కపోతే ప్లగ్గును ఇనుముకు ఆనించి తాడు లాగి, నిప్పు రవ్వ పడుతుందో లేదో చూడాలి. అంతా చూశాక, పానా చేతిలోకి తీసుకోకముందే, జబ్బు ఏమిటో పెద్దగా ప్రకటించేవాడు. అది ఆయన నియమం. ఒకసారి ఎందుకలా అని అడిగాను.

"ముందు చెప్పాలె సార్, చెప్పినంకనే చెయ్యి పెట్టాలె. లేకుంటే ఏది చేస్తే బాగైందో నాకే తెల్వకపాయె."

నేను తొమ్మిదో తరగతికి శాస్త్రీయ పద్ధతి అని రెండు పేజీల నోట్సు చెప్పేవాణ్ణి. ఆ తర్వాత ఆ నోట్సు మానేసి ఈ మాటే చెప్పాను.

ఆ గొంతు వల్ల నవ్వుకున్న రోజులు చాలా ఉన్నాయి, భయపడిన రోజులూ ఉన్నాయి. అప్పట్లో కోరుట్లలో జనం మాట్లాడుకోవడమే తగ్గించేశారు. బస్టాండులో తెలిసినవాళ్ళు కలిస్తే వర్షాల గురించి, పసుపు పంట గురించి తప్ప ఇంకో మాట ఉండేది కాదు. ఒక పొద్దున చాయ్ హోటల్లో ఆయన నన్ను ఏదో రహస్యం అడుగుతున్నట్టు దగ్గరికి వంగి, మల్లాపూర్ దిక్కు రాత్రి ఎవరో వచ్చారట కదా, ఎవరట అని అడిగాడు. హోటల్ మొత్తం విన్నది. నిమిషంలో నాలుగు బల్లలు ఖాళీ అయ్యాయి. సగం తాగిన చాయ్ గ్లాసులు అట్లాగే ఉన్నాయి. హోటల్ యజమాని వచ్చి ఆయనకు దండం పెట్టాడు. ఆయనకేమో ఏమైందో అర్థం కాలేదు. ఇంజన్‌లో సన్న చప్పుడు తేడా వస్తే పట్టేసే చెవులు, మనుషులు ఎందుకు లేచిపోయారో పట్టుకోలేకపోయాయి. ఆయన అంతే. మెల్లగా మాట్లాడవయ్యా అంటే, మెల్లగానే మాట్లాడాను కదా అని నొచ్చుకునేవాడు.

బీర్పూర్ వైపు గోదావరి మీద ఒక రేవు ఉండేది. ఆ రేవును వేలంపాటలో పాడుకున్నది ఒక పాత దొరల కుటుంబంవాడు. అన్నలకు జడిసి ఊళ్ళో కోటలాంటి గడి వదిలి జగిత్యాలలో ఉండేవాడు. కోస్తా నుంచి పడవ వెనక తగిలించే చిన్న ఇంజన్ ఒకటి, పాతది, తెప్పించాడు. ఆ రేవులో నది నడుమ గడ అందని మడుగు ఉంది. తెడ్లతో దాటాలంటే చాలాసేపు పట్టేది. ఇంజన్ వస్తే ఎక్కువసార్లు తిప్పవచ్చని అతని ఆశ.

ఇంజన్ రాగానే పడవవాళ్ళు భక్తిగా పూజ చేశారు. ట్యాంకు మూతకు పసుపు మెత్తి, కుంకుమ బొట్లు పెట్టారు. ఇంజన్ స్టార్టయి, సరిగ్గా నది నడుమకు పోయి ఆగేది. మూత తీసి చూస్తే నూనె ఉండేది. మూత పెట్టి లాగితే మళ్ళీ కొంతదూరం పోయి ఆగేది. గంగమ్మకు కోపం వచ్చిందని మేకను కొయ్యడానికి సిద్ధమయ్యారు. మిస్త్రిని పిలిచారు. నేనూ ఆదివారం కదా అని వెంట వెళ్ళాను. ఆయన మూత మీద సన్నని రంధ్రం చూపించాడు. లోపలికి గాలి పోవాల్సిన దారి అది. పసుపుతో మూసుకుపోయింది. గాలి పోకపోతే నూనె కిందికి దిగదు. సూదితో పొడిచి, దేవునిది తప్పులేదు, ఇంజన్‌ది తప్పులేదు, పసుపే ఎక్కువైందని గోదావరి అవతలి ఒడ్డుకు కూడా వినబడేలా చెప్పాడు. మేక బతికింది.

ఆ పడవ నడిపేవాడు బెస్త యువకుడు. చురుకైనవాడు. మిస్త్రిని మామా అని పిలిచేవాడు. ఆయన అల్లుడా అనేవాడు. ఆ ఇంజన్ పెట్రోలు మీద స్టార్టవుతుంది. వేడెక్కాక నూనె మార్చే కాక్ తిప్పి కిరోసిన్ మీద నడపాలి. అసలు కిటుకు ఆపేటప్పుడుంది. ఒడ్డు రాకముందే మళ్ళీ పెట్రోలు మీదికి తిప్పి, లోపల మిగిలిన కిరోసిన్ అంతా కాలిపోయాక ఆపాలి. అట్లా చేయకుండా ఆపితే కిరోసిన్ లోపలే నిలుస్తుంది. చలికాలం పొద్దున ఎంత లాగినా నిప్పు అంటుకోదు, ప్లగ్గు తడిసిపోతుంది. ఎండెక్కి ఇనుము వేడెక్కితే తప్ప లేవదు. ఇదంతా ఆయన ఆ యువకుడి చేత నాలుగుసార్లు చేయించి, అప్పజెప్పించుకుని మరీ వదిలాడు.

"పొద్దుగాల లేవకపోతే పొద్దుగాలది తప్పు గాదు అల్లుడా. రాత్రి ఎట్ల పండుకున్నదో అడుగు" అన్నాడు. వాడు నవ్వి తలూపాడు.

అయినా ఆ చలికాలం ఆ ఇంజన్ పొద్దునపూట లేవడం మానేసింది. ఎండెక్కితే గానీ లేవదని రెండు ఒడ్డుల జనమూ చెప్పుకోసాగారు. దొర కబురు మీద కబురు పంపాడు. మిస్త్రి రెండుసార్లు వెళ్ళి చూశాడు. రెండుసార్లూ కిరోసినే. ఇంటికి పోయే తొందరలో ఆపుతున్నావని వాణ్ణి కోప్పడ్డాడు. వాడు తల వంచుకుని విన్నాడు. మూడోసారీ అదే తంతు.

ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఆయనకు తెలియలేదు. చీకటితో దాటించమని వచ్చేవాళ్ళు రెండు రకాలే. ఒకరు అన్నలు, ఇంకొకరు పోలీసులు. ఎవరిని దాటించినా రెండోవాళ్ళు వచ్చి ఎందుకు దాటించావని అడుగుతారు. కాదంటే మొదటివాళ్ళు ఊరుకోరు. ఇంజన్ లేవడం లేదంటే ఎవరికీ కోపం ఉండదు, తెడ్లతో మెల్లగా దాటడానికి వాళ్ళకూ ధైర్యం చాలదు. ఎండెక్కాక పాలవాళ్ళు, కూరగాయలవాళ్ళు, బడిపిల్లలు పోగవుతారు. అప్పుడు అందరితో పాటు ఎవరెక్కినా అడిగేవాడుండడు. అందుకని వాడు రోజూ సాయంత్రం ఆఖరి ట్రిప్పులో కిరోసిన్ మీదే ఇంజన్ ఆపేవాడు. నేర్చుకున్న పాఠాన్ని తిరగేసి వాడుకున్నాడు పాపం. తెలిసి తెలిసి ఇంజన్‌కు చెడు చేసే మనిషి ఉంటాడని మిస్త్రి ఊహకే అందలేదు. నాకు అందిందా అంటే, అందలేదు. సైన్సు చెప్పేవాణ్ణి, ఆ మాత్రం ఆలోచించలేకపోయాను.

పుష్యమాసంలో ఒక ఆదివారం. దొర మళ్ళీ కబురు పంపితే మొదటి బస్సులో బయలుదేరి రేవుకు వెళ్ళాం. అప్పుడే తెల్లవారింది. నీళ్ళ మీద పొగమంచు ఇంకా లేవలేదు. ఒడ్డున జీపు ఉంది. అవతలి ఒడ్డు ఊళ్ళో ఎవరో ఉన్నారని సమాచారం అంది పోలీసులు వచ్చారు. తెడ్లతో పోతే నది నడుమ చాలాసేపు కళ్ళబడతామని, ఇంజన్ కావాలని ఎస్సై పట్టుబట్టాడు. చలికి లేవదని పడవవాడు చెప్పాడు. లాగి చూపించాడు. మిస్త్రి వస్తున్నాడని కూడా వాడే చెప్పాడు. వాణ్ణి దూరంగా జీపు దగ్గర కింద కూర్చోబెట్టారు. పక్కన ఒక కానిస్టేబుల్ నిలబడ్డాడు.

ఎస్సై చూడమన్నాడు. మిస్త్రి పడవలోకి దిగి, అలవాటు కొద్దీ, జర చప్పుడు చేయకుండా ఉండమని పోలీసులందరికీ చెప్పాడు. వాళ్ళు నిజంగానే ఊరుకున్నారు. ఎస్సై చేతిలోని వైర్‌లెస్ సెట్టు గురగుర ఆగింది. ఆయన తాడు లాగాడు, విన్నాడు, ప్లగ్గు తీసి వాసన చూసి నాకందించాడు. తరగతిలో నేను పిల్లలకు అందించినట్టే.

"కిరోసిన్" అన్నాను నేను.

"కిరోసినే" అన్నాడు ఆయన, అందరికీ వినబడేలా.

అక్కడితో అయిపోతే బాగుండేది. ఎస్సైకి కిరోసిన్ అంటే ఏమర్థమవుతుంది? ప్లగ్గు ఆరబెట్టేవాళ్ళం, ఇంజన్ లేచేదో లేవకపోయేదో. కానీ నా నోరు ఊరుకోలేదు. ఎందుకు అని అడగడం నాకు గొప్ప కదా. ఆయన పక్కకు వంగి, మెల్లగా అడిగాను. నిన్న ఆపేటప్పుడు పెట్రోలు మీదికి తిప్పడం మరిచిపోయి ఉంటాడా?

ఆయన సాంచెల షెడ్డు గొంతుతో జవాబిచ్చాడు.

"మరిచేటోడు గాదు సార్. వానికి నేనే నేర్పిన. నాలుగుసార్లు అప్పజెప్పిండు నాకు. గంత మంచిగ నేర్చుకున్నోన్ని నేను సూడలే. ఎరుకుండే చేసిండు."

శిష్యుణ్ణి మెచ్చుకుంటున్న గొంతు అది. ఆఖరి మాట నోటి నుంచి వచ్చాక ఆయన దాన్ని తనే విన్నాడు. అంతవరకూ ఆయనకు తట్టని సంగతి అప్పుడు తట్టింది. ఆయన మొహం నేను చూశాను. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే కనబడుతుంది, చూడకుండా ఉండాలని ఉంటుంది.

ఎస్సై దగ్గరికొచ్చి, తెలిసి తెలిసే చేశాడా అని అడిగాడు. మిస్త్రి తడబడ్డాడు. పెట్రోలు అయిపోయి ఉంటుంది, దొర సరిగ్గా పంపడు అన్నాడు. ఎస్సై పడవలో ఉన్న పెట్రోలు డబ్బా ఎత్తి ఊపాడు. అది సగానికి పైగా ఉంది. దాన్ని మళ్ళీ అక్కడే పెట్టి, స్టార్ట్ చెయ్యమన్నాడు.

చేయకుండా ఉండవచ్చు. తాడు తెగగొట్టవచ్చు, ప్లగ్గు నీళ్ళలో జారవిడవవచ్చు. కానీ ఆయన చేతులు ఆయన మాట కూడా వినవు. కానిస్టేబుళ్ళు చలి కాచుకుంటున్న మంట దగ్గర ప్లగ్గు వేడిచేశాడు, బిగించాడు, కార్బురేటర్‌లో మూతెడు పెట్రోలు పోశాడు. రెండో లాగుడుకే ఇంజన్ లేచింది. ఇంకో బెస్తవాణ్ణి ఎక్కించుకుని వాళ్ళు నది దాటారు. అక్కడ వాళ్ళకు ఎవరూ దొరకలేదని తర్వాత తెలిసింది. పడవవాణ్ణి మాత్రం జీపులో తీసుకుపోయారు. పోయేటప్పుడు వాడు మా వైపు చూశాడు. మిస్త్రి తల దించుకున్నాడు. నేను గోదావరి వైపు చూశాను.

కోరుట్లలో ఆయన నాకంటే ముందే బస్సు దిగాడు. బస్టాండులో నా భుజం పట్టుకుని గోడ పక్కకు తీసుకుపోయాడు.

"నువ్వేమడుగలే సార్. యాదికుంచుకో. నువ్వు నాతోని సూడవోయినవు, గంతే. నేనే వాగిన."

ఈ మాటలు నాకు తప్ప ఎవరికీ వినబడలేదు. ఆయన మెల్లగా మాట్లాడడం నేను విన్నది అదొక్కసారే. ఆ రోజుల్లో పంతుళ్ళను రెండు వైపులవాళ్ళూ ఊరికే వదిలేవారు కాదు. నన్ను కాపాడాలని అన్నాడు. నేను ఎంత తొందరగా తలూపానో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

పడవవాడు చాలా రోజులకు ఇంటికొచ్చాడు. కుడిచెయ్యి భుజం పైకి లేవలేదు. ఇంజన్ తాడు లాగే చెయ్యి అది. మిస్త్రి పోలీసుల మనిషని మాట పుట్టింది. ఆ కాలంలో ఆ మాట కంటే పెద్ద శిక్ష లేదు. అన్నలు పిలిపించి అడిగారు. ఎవరూ అడగలేదు, నేనే నోరు జారానని ఒకటే మాట చెప్పాడట. పడవవాడే పోయి, ఆయన అట్లాంటివాడు కాదు, ఆయన నోరే అంత అని చెబితే ప్రాణాలతో వదిలారు. ప్రాణం మిగిలింది గానీ దుకాణానికి జనం రావడం ఆగిపోయింది. బడిలో కూతుర్ని ఇన్ఫార్మర్ బిడ్డ అని పిలిచేవారు. ఆ పిల్ల నా తరగతిలోనే ఉండేది. ఒకరోజు ఆ మాటన్నవాణ్ణి కొట్టాను. కొట్టాను గానీ, నిజం చెప్పలేదు. ఏడాది తిరక్కుండా ఆయన తంగళ్ళపల్లికి పోయి మళ్ళీ సాంచెల్లో కూలికి చేరాడు. అక్కడ ఎంత గట్టిగా మాట్లాడినా ఎవరికీ ఏమీ వినబడదు. నేను ట్రాన్స్‌ఫర్ పెట్టుకుని వేరే ఊరికి వెళ్ళిపోయాను.

దినాల నాడు తంగళ్ళపల్లి వెళ్ళాను. ఇంటి ముందు టెంటు వేశారు. కూతురు, ఇప్పుడు ఆమెకూ జుట్టు నెరిసింది, ఎవరో చుట్టాలతో అంటోంది. నాయిన నోరు అదుపులో ఉంటే ఒకరి చెయ్యి పోయేది కాదు, మా బతుకులు ఇట్లా అయ్యేవి కావు అని. నేను విని, చెప్పుల దగ్గరే నిలబడ్డాను.

టెంటు చివర నాకంటే ముసలిగా కనబడుతున్న ఒకాయన ఎడమచేత్తో నన్ను పిలిచాడు. పడవవాడు. పోల్చుకోవడానికి నాకు కొంతసేపు పట్టింది, ఆయనకు పట్టలేదు. పక్కన కుర్చీ చూపించాడు. ఏడాదికొకసారి మామ బీర్పూర్ దాకా వచ్చి తన ఇంట్లో కూర్చునేవాడని, ఎవరూ అడగకున్నా నేనే వాగాను అల్లుడా అని అదే మాట చెప్పి పోయేవాడని చెప్పాడు. తర్వాత నా మొహంలోకి చూశాడు.

"నాకు గదే సమజ్ కాకపోవు సార్. కిరోసిన్ అన్నడంటే ఆయన అలవాటు. మరిచేటోడు గాదు అన్న మాట ఊకెనే రాదు. ఎవలన్న అడిగితెనే వస్తది. జీపు కాన్నుంచి నాకు ఆయన గొంతే ఇనవడ్డది. అడిగింది ఎవలు?"

ఆయన మిస్త్రి దగ్గర నేర్చుకున్నది ఇంజన్ పని ఒక్కటే కాదు. ముప్పై ఏళ్ళు ఆలోచించి జబ్బు ఎక్కడుందో పట్టుకున్నాడు. ఇక దాచడానికి నాకు చోటు లేదు.

"నేనే" అన్నాను.

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను. ఆయన ఎడమచేత్తో కుడిచెయ్యిని ఒళ్ళోకి తీసుకున్నాడు.

"నాకు చెప్తే ఏం లాభం సార్. నా చెయ్యి రాదు. బిడ్డకు చెప్పు. లోపలున్నది."

లోపల వడ్డన జరుగుతోంది. పది పన్నెండు మంది విస్తళ్ళ ముందు కూర్చున్నారు. ఆమెను పక్కకు పిలిస్తే సులువుగా అయిపోయేది. పిలవలేదు. అందరి ముందే చెప్పాను. ఆ పొద్దున అడిగింది నేనని, మీ నాయిన నా ప్రశ్నకు జవాబు మాత్రమే చెప్పాడని, నా పేరు బయటికి రాకుండా బతికినన్నాళ్ళూ తన మీదే వేసుకున్నాడని. తింటున్నవాళ్ళ చేతులు ఆగిపోయాయి.

ఆమె గరిటెను గిన్నెలో పెట్టేసింది.

"నీ నోరు పడిపోను అని తిట్టిన సార్ మా నాయినను" అంది. "ఒక్కసారి గాదు. పోయేముందుగూడ తిట్టిన."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. వరుస చివర ఒక విస్తరి వేసి, నీళ్ళు చల్లి, నన్ను కూర్చోమంది. కూర్చున్నాను. అన్నం పెట్టింది. తినేదాకా ఎదురుగానే నిలబడింది.